కొత్త ఫ్లాట్: కర్టెన్లు పొట్టివయ్యాయి, టవళ్లు గరుకెక్కాయి. ఎక్కడ తప్పు?

నిజాంపేట్_వాణి
ఈమధ్యే కొత్త ఫ్లాట్‌లోకి మారాం. రెండు సమస్యలు. రెండూ బట్ట గురించే కాబట్టి ఒకే చోట అడుగుతున్నాను.

మొదటిది కర్టెన్లు. షాపు వాళ్లు కొలతలకి మనిషిని పంపారు. ఆయన బాల్కనీ తలుపు ఫ్రేమ్‌కి టేపు పట్టాడు, వెడల్పు ఆరడుగులు అని రాసుకున్నాడు, ఎత్తు రాసుకున్నాడు, వెళ్లిపోయాడు. రాడ్ ఎంత పొడవు, ఎక్కడ బిగిస్తారు అని ఒక్క ముక్క అడగలేదు. కుట్టి తెచ్చి తగిలించాక చూస్తే నేలదాకా అయితే వచ్చాయి గానీ, రెండు వైపుల నుంచి లాగి మూస్తే ఒక్క కుచ్చు లేదు. దండెం మీద దుప్పటి ఆరేసినట్టు చదునుగా వేలాడుతున్నాయి. పైగా ఒక్క ఉతుకుకే మూడు అంగుళాలు పైకి పోయాయి. ప్యూర్ కాటన్ కావాలని ఏరికోరి తీసుకున్నాను. అడిగితే "కాటన్ అంటే అంతే మేడమ్" అన్నారు.

రెండోది టవళ్లు. పాత ఇంట్లో మెత్తగా ఉన్నవే ఇక్కడికి వచ్చాక గరగరలాడుతున్నాయి, తడి పీల్చడం మానేశాయి. మా అత్తయ్యగారిది బాగా పల్చటి చర్మం, తుడుచుకుంటే గీరుకుపోతోందంటున్నారు. పౌడర్ మార్చాను. బట్టలు మెత్తబడతాయని అమ్మే లిక్విడ్ కూడా పోశాను. ఇంకా అధ్వానమైంది.

రెండో_ఫ్లోర్
బోరు నీళ్లా, మంజీరానా (అంటే హైదరాబాద్ జలమండలి నల్లా నీళ్లా)? అది తెలియకుండా టవల్ సంగతి ఎవరూ చెప్పలేరు.

నిజాంపేట్_వాణి
వంటింట్లో ఒక్క కుళాయికే మంజీరా. బాత్‌రూములకీ వాషింగ్ మెషీన్‌కీ బోరే.

రెండో_ఫ్లోర్
దొంగ దొరికాడు.

దర్జీ_కొడుకు
టవల్ విషయం తెలిసినవాళ్లు చెప్తారు, కర్టెన్ విషయం నేను చెప్తాను. మా నాన్న సుల్తాన్ బజార్‌లో పరదాలు కుట్టేవారు, ఇప్పుడు నేను కుడుతున్నాను.

మేడమ్, కిటికీని కొలిచి కర్టెన్ కుట్టకూడదు, రాడ్‌ని కొలిచి కుట్టాలి. ముందు రాడ్ బిగించాలి, లేదంటే కనీసం గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి ఖాయం చేసుకోవాలి. ఆ తర్వాతే టేపు బయటికి తీయాలి.

రాడ్ ఫ్రేమ్‌కి పైన నాలుగు నుంచి ఆరంగుళాలు ఎత్తులో ఉండాలి. రెండు పక్కలా ఆరు నుంచి ఎనిమిదంగుళాలు బయటికి రావాలి. ఎందుకంటే కర్టెన్ పక్కకి జరిపినప్పుడు ఆ కుచ్చులన్నీ ఎక్కడో ఒకచోట చేరాలి కదా. గోడ మీద చోటు లేకపోతే అద్దం మీదే కూర్చుంటాయి, సగం వెలుతురు పోతుంది.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. తలుపు 72 అంగుళాలు. రెండు పక్కలా ఆరంగుళాల చొప్పున కలిపితే రాడ్ 84. కుచ్చు నిండుగా రావాలంటే రాడ్‌కి రెట్టింపు బట్ట ఉండాలి, అంటే 168. మామూలుగా కర్టెన్ బట్ట పన్నా, అంటే వెడల్పు, 48 ఉంటుంది, 54 కూడా దొరుకుతుంది. 48తో భాగిస్తే మూడున్నర. అర పీసు వేయం కాబట్టి నాలుగు పీసులు. పొడవు 90 అనుకుంటే పైనా కిందా మడతలకి ఇంకో 12, మొత్తం 102. నాలుగు పీసులకి 408 అంగుళాలు. పదిన్నర మీటర్లు కొనాలి. పెద్ద పువ్వుల డిజైన్ అయితే పువ్వుకి పువ్వు కలవాలి, దానికి పీసుకి ఒక డిజైన్ పొడవు అదనం.

మీకు ఎన్ని పీసులు ఇచ్చారు?

నిజాంపేట్_వాణి
రెండే!

దర్జీ_కొడుకు
రెండు పీసులంటే 96 అంగుళాల బట్ట, 84 అంగుళాల రాడ్ మీద. ఇంక కుచ్చు ఎక్కడి నుంచి వస్తుంది? మీ బట్టలో లోపం లేదు, మీ తలుపులో లోపం లేదు. బట్ట సగమే వేశారు.

బాచుపల్లి_బన్నీ
అన్నా, రెడీమేడ్‌లో అయిదడుగులు, ఏడడుగులు, తొమ్మిదడుగులు అని దొరుకుతాయి కదా. వాటికీ ఇదే లెక్కా?

దర్జీ_కొడుకు
అదే లెక్క తమ్ముడూ. రెడీమేడ్ పీసు వెడల్పు సుమారు నాలుగడుగులు ఉంటుంది. నాలుగడుగుల రాడ్‌కి ఒకటి కాదు, రెండు కావాలి. ప్యాకెట్‌లో ఒకటుందా రెండున్నాయా చూసుకుని కొను. పొడవు మాత్రం వాళ్లు ఇచ్చిందే కాబట్టి ఇక్కడ రివర్స్‌లో వెళ్లాలి. ముందు కర్టెన్ కొని, దాని పొడవు చూసుకుని రాడ్ ఎత్తు ఖాయం చేయాలి.

పడమటి_కిటికీ
దర్జీ_కొడుకు గారు చెప్పింది నిజమే గానీ రెట్టింపు అన్ని బట్టలకీ నప్పదు. పల్చటి షీర్ అయితే రెండున్నర రెట్లు ఉంటేనే అందం. వెలుతురు రానివ్వని బరువైన బ్లాకౌట్‌కి రెట్టింపు కంటే కొంచెం తక్కువైనా ఫర్వాలేదు, అంత దళసరి గుడ్డ రెండున్నర రెట్లు వేస్తే పక్కకి జరిపినప్పుడు మూటలా కూర్చుంటుంది. మా ఇంట్లో రెండూ ఉన్నాయి, జంట రాడ్ మీద.

సికింద్రాబాద్_శ్యామల
ఇంకో సంగతి. గుడ్డ టేపుతో కొలవకండి. వాడగా వాడగా అది సాగుతుంది. స్టీల్ టేపే వాడాలి. పొడవు ఎడమవైపు, మధ్యలో, కుడివైపు, మూడు చోట్లా కొలవాలి. మన బిల్డర్ల దయవల్ల నేల ఎక్కడా సమంగా ఉండదు. మా హాల్లో ఒక మూలకీ ఇంకో మూలకీ ముప్పావు అంగుళం తేడా వచ్చింది. అన్నిటికంటే తక్కువ వచ్చిన కొలతే తీసుకుని, దాంట్లోంచి అర అంగుళం తగ్గించి కుట్టించాం. చీపురు పట్టేటప్పుడు, తడిగుడ్డ పెట్టేటప్పుడు కింద అంచు తడవదు.

బాచుపల్లి_బన్నీ
ఇప్పుడు ఫ్యాషన్ నేలకి ఆని కొంచెం పరుచుకునేలా వేయడం కదా అక్కా?

సికింద్రాబాద్_శ్యామల
రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో ఆ ఫ్యాషన్ నెల రోజులు కూడా నిలవదు బన్నీ. అంచంతా మట్టి గీత పడుతుంది.

తార్నాక_పెద్దాయన
అసలు పడకగదుల్లో కిటికీలకి నేలదాకా ఎందుకమ్మా? గట్టు కింద ఆరంగుళాలు దిగితే చాలు. గాలి ఆడుతుంది, బట్ట సగం మిగులుతుంది, ఉతకడం సులువు. మా ఇంట్లో ఎప్పుడూ అంతే. కిటికీ కింద బల్ల వేసుకోవచ్చు, మంచం వేసుకోవచ్చు.

పడమటి_కిటికీ
పెద్దాయన గారూ, కిటికీ కింద మంచం ఉంటే మీ మాటే రైటు. ఖాళీ గోడ అయితే మాత్రం సగంలో ఆగిన కర్టెన్ గదిని పొట్టిగా చూపిస్తుంది. నా ఓటు నేలదాకానే.

కొలతల_కిరణ్
రింగ్ కర్టెన్ల దగ్గర చాలామందికి తేడా కొట్టేది ఒకటుంది. ఐలెట్ అంటే బట్టలోనే బిగించిన రింగు. రాడ్ ఆ రింగులోంచి పోతుంది కాబట్టి రాడ్ పైన అంగుళం, అంగుళంన్నర బట్ట లేచి ఉంటుంది. అందుకని రాడ్ పై అంచు నుంచి నేలదాకా కొలిచి, దానికి ఆ అంగుళంన్నర కలపాలి. ప్లీట్ (కుట్టేసిన కుచ్చు) పెట్టి హుక్కులతో ట్రాక్‌కి తగిలించేవాటికి ఇది వర్తించదు. వాటికి హుక్కు పడే చోటు నుంచి కొలవాలి.

ఐలెట్లు సరిసంఖ్యలో ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. ఎనిమిదో పదో ఉంటే రెండు చివర్లూ గోడవైపు తిరుగుతాయి. ఏడు ఉంటే ఒక చివర ఎప్పుడూ మన మొహం మీదికి తిరిగి ఉంటుంది.

నిజాంపేట్_వాణి
ఇప్పుడే వెళ్లి లెక్కపెట్టాను. ఎనిమిది. అదొక్కటి సరిగ్గా ఉంది, సంతోషం.

దర్జీ_కొడుకు
ఇప్పుడు పొడవు సంగతి. కాటన్ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి అయిదు పాళ్లు దిగడం మామూలే. 90 అంగుళాలకి మూడు దిగిందంటే బట్ట మంచిదే. "కాటన్ అంటే అంతే" అన్న మాట తప్పు కాదు, కానీ అది తెలిసి కూడా తడపకుండా కుట్టారు చూడండి, అక్కడ నాకు కోపం వస్తోంది. బట్టని ఒక రాత్రి నీళ్లలో వేసి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కత్తెర పెట్టాలి. అంత టైమ్ లేదంటే కింద అంచు నాలుగైదు అంగుళాలు వదిలి మడవాలి, దిగాక విప్పుకోవడానికి. మీ కింది మడత ఎంతుందో చూడండి.

నిజాంపేట్_వాణి
అంగుళం. అంతే.

దర్జీ_కొడుకు
బట్ట మిగుల్చుకున్నారన్నమాట. సరే, దానికీ దారుంది, రాత్రి షాపు కట్టాక రాస్తాను.

కెమిస్ట్రీ_టీచరమ్మ
ఈలోగా టవళ్ల పని పడదాం. వాణి గారూ, బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిస్తే నురగ రాదు, తెల్లటి జిడ్డు మడ్డి తయారవుతుంది. బకెట్ అంచుకి పట్టేదీ, కుళాయి చుట్టూ పొరలు కట్టేదీ ఇలాంటివే. టవల్ మీద వేలకొద్దీ చిన్న చిన్న దారపు ఉచ్చులుంటాయి, వాటి మధ్యే ఈ మడ్డి పేరుకుంటుంది. అందుకే గరుకు. నీళ్లు లోపలికి పోయే దారి మూసుకుపోతుంది, అందుకే పీల్చదు.

మెత్తదనం లిక్విడ్ దారం మీద నూనెలాంటి పొర వేస్తుంది. చేతికి మెత్తగా తగులుతుంది గానీ ఆ పొర నీటిని ఇంకా దూరం నెడుతుంది. చీరలకి, చొక్కాలకి వాడుకోండి. టవళ్లకి మాత్రం ఎప్పటికీ వద్దు.

పౌడర్ ఎక్కువ వేస్తే తెల్లబడుతుందనుకోవడం కూడా పొరపాటే. జాడించినా పోని పౌడరు కూడా టవల్లోనే ఉండిపోతుంది.

ఉప్పల్_ఉమ
టీచరమ్మా, వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే బుస్సున పొంగి మురికంతా వదులుతుందని మా పక్కింటావిడ చెప్పింది. పనిచేస్తుందా?

కెమిస్ట్రీ_టీచరమ్మ
పొంగు చూడ్డానికి బాగుంటుంది ఉమా. ఒకటి క్షారం, ఇంకోటి ఆమ్లం, కలిశాక రెండింటి బలమూ పోతుంది. చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. వేరువేరుగా వాడితే రెండూ పనికొస్తాయి.

ఇలా చేయండి. మొదటి వాష్: వేడినీళ్లు, అంటే మెషీన్‌లో 60 డిగ్రీలు, రోజూ వేసే పౌడర్‌లో సగం, రెండు చెంచాల బట్టల సోడా. పాత జిడ్డు వదులుతుంది. బాగా జాడించాలి. రెండో వాష్: పౌడర్ అసలు వద్దు, ఒక కప్పు తెల్ల వెనిగర్ లేదా రెండు చెంచాల నిమ్మ ఉప్పు. సున్నపు పొర కరుగుతుంది. మళ్లీ మామూలు నీళ్లతో ఒకసారి. రంగు టవళ్లయితే 40 డిగ్రీలు చాలు.

ఒక హెచ్చరిక. వెనిగర్‌గానీ నిమ్మ ఉప్పుగానీ బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన బాత్‌రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇది మా పిల్లలకి ప్రతి ఏడూ చెప్తాను, ఇక్కడా చెప్తున్నాను.

రెండో_ఫ్లోర్
వెనిగర్ ప్రతి వారం పోస్తే మెషీన్ తలుపు దగ్గరి రబ్బరు పాడవుతుందని మా మెకానిక్ అంటాడు. టీచరమ్మ ఏమంటారు?

కెమిస్ట్రీ_టీచరమ్మ
నిజమే, తరచుగా వద్దు. నెలకో, రెండు నెలలకో ఒకసారి చాలు.

నల్లగండ్ల_నరేష్
ఇవన్నీ పైపై వైద్యాలు. నీళ్లని బాగుచేయకుండా టవల్‌ని ఎన్నిసార్లు కడిగినా మళ్లీ అదే కథ. మీ అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ప్లాంట్, అంటే నీళ్ల కాఠిన్యం తగ్గించేది, ఉందా? కొత్త బిల్డింగుల్లో చాలావాటికి ఉంటుంది. ఉన్నా చాలాచోట్ల దాంట్లో ఉప్పు వేయరు.

నిజాంపేట్_వాణి
ఉప్పు వేయాలా?

నల్లగండ్ల_నరేష్
వేయాలి మేడమ్. లోపల రెసిన్ గుళికలుంటాయి. అవి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. కొంత కాలానికి నిండిపోతాయి. ఉప్పునీళ్లతో కడిగితే మళ్లీ తాజా అవుతాయి. ఉప్పు వేయకపోతే ప్లాంట్ ఊరికే పైపులా పనిచేస్తుంది, బోరు నీళ్లు ఎలా వచ్చాయో అలాగే మీ మెషీన్‌లోకి వెళ్తాయి. నేను మా అసోసియేషన్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. ఉప్పు బస్తాల ఖర్చు అనవసరమని మొదట అందరూ అన్నారు, గీజర్ కాయిల్స్ వరుసగా పోవడం మొదలయ్యాక ఒప్పుకున్నారు.

బాచుపల్లి_బన్నీ
టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంత) మీటర్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది కదా?

నల్లగండ్ల_నరేష్
తెలియదు. అక్కడే అందరూ బోల్తా పడేది. సాఫ్ట్‌నర్ ఒకటి తీసి ఇంకోటి పెడుతుంది కాబట్టి టీడీఎస్ దాదాపు తగ్గదు. కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయన్నది, వేరే కొలవాలి. చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టే కిట్లు దొరుకుతాయి. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణంలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. బట్టలకి మాత్రం 200 కూడా ఎక్కువే.

కెమిస్ట్రీ_టీచరమ్మ
కిట్ లేకపోయినా చూడొచ్చు. రెండు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో ఆర్‌ఓ నీళ్లు, ఇంకోదాంట్లో బోరు నీళ్లు, రెండూ సమానంగా సగం దాకా. ఒక్కో దాంట్లో మామూలు ఒంటిసబ్బు తురుము అంతే వేసి మూత పెట్టి కుదపండి. ఒకదాంట్లో నురగ నిలబడుతుంది, ఇంకోదాంట్లో నీళ్లు పాలలా తెల్లబడి పైన తెట్టు తేలుతుంది. ఆ తెట్టే మీ టవల్లో ఉన్నది.

నిజాంపేట్_వాణి
ఇప్పుడే మా పాపతో కలిసి చేశాను. బోరు సీసాలో నురగ లేదు. పైన బూడిద రంగు తెట్టు, సీసా గోడలకి కూడా అంటుకుంది. పాప వేలితో తీసి చూసి "ఛీ" అంది. రేపు కిందికి వెళ్లి ప్లాంట్ సంగతి అడుగుతాను.

తార్నాక_పెద్దాయన
ఇంత హైరానా ఎందుకు, చేనేత తువ్వాళ్లు వాడండి. పల్చగా ఉంటాయి, ఉచ్చులుండవు, మడ్డి పట్టే చోటు తక్కువ. ఉదయం పిండి ఆరేస్తే టిఫిన్ తినేలోపు ఆరిపోతుంది. ఆప్కో లాంటి చేనేత సహకార సంఘాల షోరూముల్లో దొరుకుతాయి. కొత్తలో కాస్త గంజి ఉంటుంది, ఒక రాత్రి నానబెడితే పోతుంది. ఆ తర్వాత ఉతికే కొద్దీ మెత్తబడతాయి. మా ఇంట్లో తలంటుకి అవే, ఊరికి వెళ్తే సంచిలో అవే.

ఉప్పల్_ఉమ
పెద్దాయన గారి మాటకి నా ఓటు. పొడుగు జుట్టుకి పల్చటి తువ్వాలే మంచిది, బరువు టవల్ చుట్టుకుంటే మెడ లాగేస్తుంది.

పడమటి_కిటికీ
నాకు మాత్రం స్నానం చేశాక దళసరి టవల్ చుట్టుకోవాలి. కొనేటప్పుడు జీఎస్ఎం చూడండి. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క అది. 300 నుంచి 400 అయితే పల్చన, 400 నుంచి 600 ఇంట్లో రోజువారీకి సరిపోతుంది, 600 దాటితే హోటల్ రకం. హైదరాబాద్ వానాకాలంలో 600 దాటిన టవల్ ఆరదు, ముక్క వాసన కొడుతుంది. నేను 450 దగ్గర ఆగాను. షోలాపూర్ టవళ్లు బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా దొరుకుతాయి, డజను తీసుకుంటే రేటు తగ్గుతుంది.

రెండో_ఫ్లోర్
ఆ వాసనకి మందేమిటి? మా ఇంట్లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అదే గోల.

సికింద్రాబాద్_శ్యామల
కొక్కేనికి తగిలించడం మానండి. మడతల్లో తడి అలాగే ఉంటుంది, అక్కడే వాసన పుడుతుంది. రాడ్ మీద ఒక్క పొరగా పరచాలి. తడి టవల్‌ని మాసిన బట్టల బుట్టలో వేయకూడదు. మెషీన్ ఆగాక గంటలతరబడి లోపల వదిలేయకూడదు. వానాకాలంలో నేనైతే మూడు వాడకాలకి ఒకసారి తప్పకుండా ఉతికేస్తాను.

ఉప్పల్_ఉమ
ఎండలో వేయాలా, నీడలోనా? మా అమ్మ ఎండలో వేస్తేనే పురుగు చస్తుందంటుంది. ఎండలో వేస్తే గట్టిపడుతుందని మా ఆడపడుచు అంటుంది.

సికింద్రాబాద్_శ్యామల
ఇద్దరూ రైటే. మే నెల ఎండలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా వదిలేస్తే ఏ టవలైనా బిర్రబిగుస్తుంది, రంగూ పోతుంది. గాలాడే నీడలో ముప్పాతిక ఆరనిచ్చి, చివర్లో ఒక గంట ఎండ తగలనివ్వాలి. దండెం మీద వేసే ముందు రెండు చివర్లూ పట్టుకుని టపటపా గట్టిగా విదిలించాలి. ఆ ఉచ్చులు లేచి నిలబడతాయి. తీసేటప్పుడు ఇంకోసారి. ఈ ఒక్క పనికే సగం మెత్తదనం వస్తుంది, రూపాయి ఖర్చు లేదు.

కొలతల_కిరణ్
టవల్లో దారం లేస్తే లాగొద్దు, కత్తెరతో కత్తిరించాలి. లాగితే వరుస మొత్తం ఊడి వస్తుంది.

దర్జీ_కొడుకు
మాట ఇచ్చాను కదా, రాస్తున్నాను. వాణి మేడమ్, కింద అంచులో బట్ట లేదు కాబట్టి అతుకు వేయాల్సిందే. కానీ మూడంగుళాలు తగ్గిందని మూడంగుళాల ముక్క వేయకండి. అది అతుకని ఎవరికైనా తెలిసిపోతుంది. కర్టెన్ కింద ఏడంగుళాలు కోసేసి, పదంగుళాల అంచు వేయండి. అప్పుడు కావాలని పెట్టించుకున్న బోర్డర్‌లా ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్ కాటన్ మీటర్ల లెక్కన దొరుకుతుంది, సాదా కర్టెన్ మీద అది కూర్చున్నట్టు ఇంకేదీ కూర్చోదు. కుట్టే ముందు ఆ ఇక్కత్‌ని కూడా తడపాలి, రంగు దిగుతుందేమో తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. లేకపోతే మొదటి ఉతుకులో అంచు దిగి కర్టెన్ కింద ముడుచుకుపోతుంది.

కుచ్చు కోసం ఇంకో రెండు పీసులు కలపాలి. అదే షాపులో అదే నంబరు బట్ట దొరికినా రంగు ఒక పాలు తేడా రావచ్చు, అద్దకం లాట్ మారితే. అందుకని పాత ముక్క పట్టుకెళ్లి పగటి వెలుతురులో పోల్చుకోండి. కలవకపోతే అంచుకి వేసిన రంగులోనే రెండు సాదా పీసులు వేసి, రెండు చివర్లా గోడవైపు పెట్టండి. నలుగురూ బాగుందనే అంటారు.

నిజాంపేట్_వాణి
ఈ అయిడియాకి మా అత్తయ్యగారు అప్పుడే ఇక్కత్ రంగు కూడా ఎంచేశారు. ముదురు నీలం.

పడమటి_కిటికీ
బరువు రెట్టింపవుతుంది, రాడ్ సంగతి చూసుకోండి. ఏడడుగుల రాడ్‌కి మధ్యలో కూడా ఒక బ్రాకెట్ ఉండాలి, లేదంటే కుంగుతుంది. మీ గోడలు ఏవి? మైవాన్ (అచ్చుల్లో పోసిన కాంక్రీటు) అయితే గోడంతా కాంక్రీటే, హ్యామర్ డ్రిల్ లేకుండా దిగదు, కానీ దిగాక కదలదు. తెల్లటి తేలిక బ్లాకుల గోడ అయితే మామూలు ప్లాస్టిక్ ప్లగ్ కొన్నాళ్లకి వదులైపోతుంది, ఆ బ్లాకులకని వేరే పొడవాటి ఫాస్టెనర్లు ఉంటాయి, అవి వేయించండి. మా పాత ఇంట్లో ఒకసారి రాడ్, కర్టెన్లు, పిడికెడు సిమెంటుతో సహా ఊడి వచ్చాయి.

నిజాంపేట్_వాణి
తేలిక బ్లాకులే. తలుపు పైన మాత్రం లింటెల్ (కాంక్రీటు దూలం) ఉందన్నారు.

పడమటి_కిటికీ
లింటెల్‌లోకి వెళ్తే గట్టిగా నిలుస్తుంది. కానీ రాడ్ పక్కలకి వచ్చేచోట లింటెల్ ఉందో లేదో డ్రిల్ చేసేవాడికి ముందే చెప్పండి.

బాచుపల్లి_బన్నీ
మాది పడమటి బెడ్‌రూమ్. బ్లాకౌట్ వేసినా మధ్యాహ్నం వేడి తగ్గట్లేదు. ఇంకా దళసరిది వేయాలా?

పడమటి_కిటికీ
నా పేరు చూసే అడిగావనుకుంటా. దళసరి పెంచినా పెద్దగా లాభం లేదు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ వెలుతురు ఆపుతుంది గానీ, అప్పటికే వేడి గదిలోకి వచ్చేసింది. అద్దానికి బయటే ఆపాలి. బాల్కనీ ఉంటే వెదురు తడక కట్టు, ఎండాకాలం వట్టివేళ్ల తడికె కట్టి నీళ్లు చల్లు. మా గదిలో తేడా చేతికి తెలిసింది, సాయంత్రం అద్దం ముట్టుకుంటే కాలడం మానేసింది. వెలుతురు ఆపడానికైతే పైన రాడ్‌ని కప్పే పెల్మెట్ పెట్టె పెట్టించు. ఐలెట్ కర్టెన్‌కి రాడ్ పైనుంచి, పక్కల నుంచి వెలుగు దూరుతుంది.

రెండో_ఫ్లోర్
బ్లాకౌట్‌ని మెషీన్‌లో వేయొచ్చా?

కొలతల_కిరణ్
వెనక రబ్బరులాంటి పూత ఉంటే వద్దు, పగుళ్లొచ్చి రాలుతుంది. తడిగుడ్డతో తుడవడమే. మూడు పొరలుగా నేసిన రకం అయితే చల్లనీళ్లలో, నెమ్మది వాష్‌లో వేయొచ్చు. ఐలెట్ల వైపు ఒక దిండు గలీబులో దూర్చి తాడుతో కట్టి వేయండి, డ్రమ్ముకి కొట్టుకోవు.

దర్జీ_కొడుకు
కాటన్ కర్టెన్‌ని పూర్తిగా ఆరనివ్వకుండా కాస్త తడి ఉండగానే రాడ్‌కి ఎక్కించండి. దాని బరువుకి అదే సాగి ముడతలు పోతాయి, పొడవు కూడా కొంత తిరిగొస్తుంది. కింద తడి కారకుండా స్పిన్ చేసి ఉండాలి.

నిజాంపేట్_వాణి
రెండు కబుర్లు. కింద సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంది. ఉప్పు డ్రమ్ము ఎండిపోయి, అడుగున గట్టి పెంకు కట్టి ఉంది. బిల్డర్ అప్పగించినప్పటి నుంచి ఎవరూ వేయలేదట. నరేష్ గారు చెప్పినదంతా అసోసియేషన్ గ్రూపులో పెట్టాను, పక్క బ్లాక్ వాళ్లు కూడా టవళ్ల గోడు వెళ్లబోసుకున్నారు. రెసిన్ ఇంకా పనికొస్తుందో లేదో చూడటానికి మనిషిని పిలుస్తున్నారు.

టీచరమ్మ చెప్పినట్టు టవళ్లకి రెండు వాష్‌లూ ఇచ్చాను. మొదటి వాష్ నీళ్లు బురద రంగులో వచ్చాయి. శ్యామల గారి లెక్కన విదిలించి నీడలో వేశాను. అత్తయ్యగారు ముట్టుకుని "ఇది మన పాత టవలేనా" అన్నారు. పాతికేళ్ల పిల్లలా బుగ్గకి ఆనించుకున్నారు కూడా.

కెమిస్ట్రీ_టీచరమ్మ
చాలా సంతోషం వాణి గారూ. ప్లాంట్ బాగయ్యేదాకా మెషీన్ చివరి జాడింపుకి వీలైతే మంజీరా నీళ్లు రెండు బకెట్లు వాడండి. ప్లాంట్ నడవడం మొదలయ్యాక పౌడర్ సగానికి తగ్గించండి, మెత్తటి నీళ్లలో అంత అక్కర్లేదు, నురగ పొంగిపోతుంది.

నల్లగండ్ల_నరేష్
రెసిన్ చూసేవాడు వస్తే ప్లాంట్‌కి ముందూ వెనకా రెండు చోట్లా కాఠిన్యం మీ కళ్ల ముందే కొలవమనండి. రెండు అంకెలూ పుస్తకంలో రాయించండి. ఉప్పు ఎన్నాళ్లకోసారి వేయాలో ఆ అంకెలని బట్టే తేలుతుంది.

ఉప్పల్_ఉమ
వాణి గారూ, ఇక్కత్ కొనడానికి ఎక్కడికి వెళ్తున్నారు? నాకూ వంటింటి కిటికీకి కావాలి. జనరల్ బజార్‌కి అయితే కలిసి వెళ్దాం.

నిజాంపేట్_వాణి
తప్పకుండా ఉమ గారూ. శనివారం పొద్దున్నే వెళ్దాం, మధ్యాహ్నం అయితే ఆ సందుల్లో నడవలేం.

దర్జీ_కొడుకు
ఉమ మేడమ్, వంటింటికి స్టవ్ పక్కన కిటికీ అయితే వేలాడే కర్టెన్ వద్దు, మంట అంటుకునే ప్రమాదం ఉంది. కింది సగానికే, గాలికి ఎగరకుండా పైనా కిందా రెండు సన్నటి రాడ్‌లు దూర్చి బిగించే రకం కుట్టించుకోండి. స్టవ్‌కి ఎదురు గోడ కిటికీ అయితే మామూలుదే వేసుకోవచ్చు. కొలత మాత్రం రాడ్ బిగించాకే.